బీమా లేని ఇంటికి తుపాను నష్టం: ఆదాయపు పన్ను చట్టంలో ఉన్నదేమిటి, లేనిదేమిటి

(ప్రత్యేక వ్యాసం)

విశాఖపట్నం: 2014 అక్టోబరు 12వ తేదీ మధ్యాహ్నం హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలులకు విమానాశ్రయ భవనం పైకప్పు ధ్వంసమైంది. వేలాది వృక్షాలు నేలకూలాయి, విద్యుత్ సరఫరా రోజుల తరబడి నిలిచిపోయింది. అక్టోబరు 14వ తేదీన ప్రధానమంత్రి శ్రీ నరేంద్ర మోదీ నగరాన్ని సందర్శించి రూ.1,000 కోట్ల తక్షణ సహాయాన్ని ప్రకటించారు. గాజువాకను ఆనుకొని ఉన్న ఆటోనగర్ పారిశ్రామిక వాడలో లేత్ పనులు, ఫ్యాబ్రికేషన్, వాహనాల మరమ్మతులు సాగే షెడ్లు, పరిసర కాలనీలలోని నివాస గృహాలు దెబ్బతిన్నాయి.

తుపాను వెలిసిన తరువాత బాధితులను వేధించే ప్రశ్నలలో ఒకటి పన్నుకు సంబంధించినది. ఇంటికి బీమా లేదు, మరమ్మతులకు చేతి సొమ్ము ఖర్చయింది. ఆ మొత్తాన్ని ఆదాయపు పన్ను రిటర్నులో చూపి తగ్గింపు పొందవచ్చునా? స్వయంగా నివసించే ఇంటి విషయంలో ఈ ప్రశ్నకు సమాధానం ‘పొందడానికి వీలులేదు’ అన్నదే. అయితే అదే గాలికి దెబ్బతిన్న అద్దె ఇంటికి, వర్క్‌షాపు షెడ్డుకు, నిల్వ సరుకుకు చట్టం వేర్వేరు సమాధానాలు చెబుతుంది. ఈ తేడాలను పాత్రికేయులు, క్షేత్రస్థాయి అధికారులు తెలుసుకోవడం బాధితులకు సరైన సమాచారం అందడానికి అవసరం.

ఈ వ్యాసంలోని సెక్షన్ల సంఖ్యలు ఆదాయపు పన్ను చట్టం, 1961లోనివి. దీని స్థానంలో ఆదాయపు పన్ను చట్టం, 2025 అమలులోకి వచ్చే తేదీగా 2026 ఏప్రిల్ 1 నిర్ణయమైంది. కొత్త చట్టంలో సెక్షన్ల సంఖ్యలు మారాయి. 2026 మార్చి 31 వరకు ఆర్జించిన ఆదాయానికి 1961 చట్టమే వర్తిస్తుంది.

మూల సూత్రం

ఆదాయపు పన్ను చట్టం ఎంత నష్టం జరిగిందని ముందుగా అడగదు. నష్టపోయిన ఆస్తి పన్ను విధించదగిన ఆదాయాన్ని ఇస్తున్నదా అని అడుగుతుంది. ఆదాయం ఇచ్చే ఆస్తి అయితే దాని నిర్వహణ వ్యయానికి, నష్టానికి ఆ ఆదాయ శీర్షిక కింద ఏదో ఒక రూపంలో చోటు ఉంటుంది. కుటుంబం తలదాచుకొనే ఇల్లు వ్యక్తిగత వినియోగంలోని ఆస్తి. దాని కప్పు ఎగిరిపోయినా, గోడ కూలినా అది వ్యక్తిగత నష్టమే అవుతుంది. జీతం నుంచి గాని, వ్యాపార ఆదాయం నుంచి గాని దానిని తగ్గించే నిబంధన చట్టంలో లేదు.

మూలధన నష్టంగా చూపడానికి కూడా అవకాశం లేదు. మూలధన లాభనష్టాలు ఏర్పడాలంటే ఆస్తి బదిలీ జరగాలి. ప్రకృతి వైపరీత్యంలో ఆస్తి నాశనం కావడం బదిలీ కాదని వానియా సిల్క్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు 1991లో తీర్పు చెప్పింది. అందువలన బీమా లేకుండా కూలిన ఇంటి విలువను ఆ ఏడాది అమ్మిన వేరొక స్థలం లాభంలో సర్దుబాటు చేసుకోవడం సాధ్యం కాదు.

సొంత నివాసానికి ఉన్న ఒకే వెసులుబాటు

స్వయంగా నివసించే ఇంటి వార్షిక విలువను చట్టం సున్నాగా పరిగణిస్తుంది. ఆదాయమే సున్నా కనుక మరమ్మతు ఖర్చుకు తగ్గింపు లేదు. అయితే మరమ్మతుల కోసం అప్పు తీసుకొంటే దానిపై చెల్లించే వడ్డీకి సెక్షన్ 24(బి) కింద పరిమిత తగ్గింపు ఉంది. ఇంటి కొనుగోలుకు లేదా నిర్మాణానికి తీసుకొన్న రుణంపై వడ్డీకి, అప్పు తీసుకొన్న ఆర్థిక సంవత్సరం ముగిసిన నాటి నుంచి ఐదేళ్లలో కొనుగోలు లేదా నిర్మాణం పూర్తికావాలన్న షరతుకు లోబడి, ఏడాదికి రూ.2 లక్షల వరకు పరిమితి ఉండగా, మరమ్మతు, పునరుద్ధరణ, పునర్నిర్మాణాలకు తీసుకొన్న రుణంపై పరిమితి రూ.30 వేలు మాత్రమే. ఈ రూ.30 వేలు కూడా మొత్తం రూ.2 లక్షల పరిమితిలో అంతర్భాగం.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. మొదటిది, తగ్గింపు వడ్డీకే గాని అసలుకు గాని, సొంత పొదుపు నుంచి పెట్టిన ఖర్చుకు గాని కాదు. రెండవది, ఈ తగ్గింపు పాత పన్ను విధానాన్ని ఎంచుకొన్న వారికే లభిస్తుంది. 2024-25 మదింపు సంవత్సరం నుంచి సాధారణంగా వర్తించే కొత్త విధానంలో సొంత నివాసంపై వడ్డీ తగ్గింపు లేదు.

అద్దెకిచ్చిన ఇల్లు

అద్దె ఆదాయం ఉన్న ఇంటికి, మున్సిపల్ పన్నులు పోను మిగిలిన వార్షిక విలువలో 30 శాతాన్ని సెక్షన్ 24(ఏ) కింద ప్రామాణిక తగ్గింపుగా ఇస్తారు. ఇది మరమ్మతులకు, నిర్వహణకు, బీమా ప్రీమియంకు అన్నింటికీ కలిపి ఇచ్చేది. ఒక్క రూపాయి ఖర్చు కాకున్నా 30 శాతం వస్తుంది. లక్షలు ఖర్చయినా అంతకు మించి రాదు.

ఉదాహరణకు గాజువాకలో నెలకు రూ.10 వేల అద్దె వచ్చే ఇంటిని తీసుకొందాం. ఏడాది అద్దె రూ.1,20,000. చెల్లించిన మున్సిపల్ పన్ను రూ.6,000 తీసివేయగా రూ.1,14,000 మిగులుతుంది. ఇందులో 30 శాతం అనగా రూ.34,200 తగ్గించగా పన్ను విధించదగిన ఆదాయం రూ.79,800. తుపాను అనంతరం మరమ్మతులకు యజమాని రూ.2 లక్షలు వెచ్చించినా ఈ లెక్క మారదు.

అయితే ఇల్లు దెబ్బతిని, అద్దెదారు ఖాళీచేసి, కొంతకాలం అద్దె రాకపోతే సెక్షన్ 23(1)(సి) ఉపయోగపడుతుంది. ఖాళీగా ఉన్న కారణంగా అద్దె తగ్గితే వాస్తవంగా వచ్చిన అద్దెనే వార్షిక విలువకు ఆధారంగా తీసుకొంటారు. పై ఉదాహరణలో మూడు నెలలు ఖాళీగా ఉంటే వచ్చిన అద్దె రూ.90,000. మున్సిపల్ పన్ను, 30 శాతం తగ్గింపు పోను పన్ను విధించదగినది రూ.58,800 మాత్రమే. మరమ్మతు రుణంపై వడ్డీ ఉంటే అది కూడా ఇందులో నుంచి తగ్గుతుంది. అద్దె ఇంటి విషయంలో వడ్డీకి రూ.30 వేల పరిమితి లేదు. కాని నష్టం ఏర్పడితే పాత విధానంలో ఇతర ఆదాయాలతో ఏడాదికి రూ.2 లక్షల వరకే సర్దుబాటు చేస్తారు. కొత్త విధానంలో ఇతర శీర్షికలతో సర్దుబాటు లేదు.

ఆటోనగర్ షెడ్లకు వేరే లెక్క

ఇంటి పక్కనే ఉన్న వర్క్‌షాపు రేకులు అదే గాలికి ఎగిరిపోతే చట్టం దృష్టి మారుతుంది. సొంత షెడ్డులో వ్యాపారం చేసే వారికి భవనం మరమ్మతు ఖర్చు సెక్షన్ 30 కింద, యంత్రాల మరమ్మతు ఖర్చు సెక్షన్ 31 కింద తగ్గింపుగా లభిస్తాయి. అవి ఉన్నదానిని యథాస్థితికి తెచ్చే మరమ్మతులై ఉండాలి. షెడ్డును పూర్తిగా కొత్తగా నిర్మిస్తే అది మూలధన వ్యయం. దానిపై ఏటా తరుగుదల మాత్రమే లభిస్తుంది.

అద్దె షెడ్డులో పనిచేసే వారు మరమ్మతుల భారం తామే భరిస్తామని ఒప్పందం చేసుకొని ఉంటే ఆ ఖర్చును తమ వ్యాపార వ్యయంగా చూపవచ్చు. షెడ్డును అద్దెకిచ్చిన యజమానికి మాత్రం సాధారణంగా అద్దె ఇంటికి వర్తించే 30 శాతం సూత్రమే వర్తిస్తుంది. కాబట్టి అద్దె ఒప్పందంలో మరమ్మతుల బాధ్యత ఎవరిదన్న ఒక్క వాక్యం తుపాను తరువాత ఎంతో విలువైనదవుతుంది.

బీమా లేని యంత్రం పూర్తిగా నాశనమైతే దాని విలువను ఒక్కసారిగా నష్టంగా రాయడానికి వీలులేదు. చట్టం యంత్రాలను విడివిడిగా గాక ఆస్తుల బ్లాకుగా చూస్తుంది. ఉదాహరణకు బ్లాకు విలువ రూ.10 లక్షలు ఉండి, ఒక లేత్ యంత్రం ధ్వంసమై, దాని తుక్కు రూ.20 వేలకు అమ్ముడుపోయిందనుకొందాం. బ్లాకు విలువ రూ.9,80,000కు తగ్గుతుంది. దానిపై 15 శాతం చొప్పున రూ.1,47,000 తరుగుదల లభిస్తుంది. అనగా పోయిన యంత్రంపై కూడా తరుగుదల కొనసాగుతూనే ఉంటుంది. బీమా సొమ్ము వచ్చి ఉంటే ఆ మొత్తం కూడా బ్లాకు నుంచి తగ్గేది. నష్టం లెక్కలోకి రావడానికి ఏళ్లు పడుతుంది గాని పూర్తిగా కనుమరుగు కాదు.

నీటిలో తడిసి పనికిరాకుండా పోయిన ముడిసరుకు, తయారైన సరుకు విషయంలో వెసులుబాటు ఎక్కువ. వ్యాపార నిర్వహణలో భాగంగా సంభవించే నష్టానికి ప్రత్యేక సెక్షన్ లేకున్నా వ్యాపార లాభం లెక్కించేటప్పుడు తగ్గింపు ఇవ్వాలని బద్రీదాస్ దాగా కేసులో సుప్రీంకోర్టు 1958లో స్పష్టం చేసింది. బీమా ద్వారా రాబట్టలేని సరుకు నష్టాన్ని ఈ సూత్రం మేరకు చూపవచ్చు.

అయితే సెక్షన్ 44ఏడీ కింద అంచనా ఆదాయ పద్ధతిని ఎంచుకొన్న చిన్న వ్యాపారులు టర్నోవరులో 8 శాతాన్ని, బ్యాంకు ద్వారా వచ్చిన మొత్తాలపై 6 శాతాన్ని లాభంగా చూపుతారు. ఖర్చులు, తరుగుదల అన్నీ అందులోనే కలిసినట్లు పరిగణిస్తారు. కనుక వీరికి తుపాను నష్టాన్ని విడిగా చూపే అవకాశం ఉండదు. నష్టం భారీగా ఉన్న ఏడాది ఈ పద్ధతిలో కొనసాగాలా అన్నది ఆడిటరును సంప్రదించి నిర్ణయించుకోవలసిన విషయం. వ్యాపార నష్టాన్ని తదుపరి ఎనిమిదేళ్లకు తీసుకువెళ్లాలంటే గడువులోగా రిటర్ను దాఖలు చేయడం తప్పనిసరి.

వస్తు సేవల పన్ను విషయంలో నష్టం రెండింతలు కాగలదు. కేంద్ర వస్తు సేవల పన్ను చట్టం, 2017లోని సెక్షన్ 17(5)(హెచ్) ప్రకారం నాశనమైన, పోయిన, రద్దుపద్దు కింద రాసిన సరుకుపై ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ లభించదు. ముందే వాడుకొని ఉంటే వెనక్కి చెల్లించాలి.

వెనుకటి కాలంలో వైపరీత్యాలలో మూతపడిన పరిశ్రమలకు ప్రత్యేక నిబంధన ఉండేది. వరద, తుపాను, భూకంపం వంటి కారణాలతో భవనాలు, యంత్రాలు విస్తృతంగా దెబ్బతిని ఆగిపోయిన పరిశ్రమను మూడేళ్లలోగా తిరిగి నెలకొల్పితే సెక్షన్ 33బి కింద పునరావాస భత్యం లభించేది. 1985-86 మదింపు సంవత్సరం నుంచి దానిని నిలిపివేశారు. నివాస గృహాలకు అటువంటి నిబంధన ఏనాడూ లేదు.

ప్రభుత్వ సహాయంపై పన్ను లేదు

బాధితులకు ఊరట కలిగించే నిబంధన సెక్షన్ 10(10బీసీ). విపత్తు కారణంగా కేంద్ర ప్రభుత్వం, రాష్ట్ర ప్రభుత్వం లేదా స్థానిక సంస్థ ఒక వ్యక్తికి గాని, అతని వారసులకు గాని ఇచ్చే నష్టపరిహారంపై ఆదాయపు పన్ను లేదు. 2007 ఆర్థిక చట్టం ద్వారా చేర్చిన ఈ సెక్షన్ 2005-06 మదింపు సంవత్సరం నుంచి వర్తిస్తుంది. అదే నష్టానికి పన్ను తగ్గింపు పొంది ఉంటే ఆ మేరకు మాత్రం మినహాయింపు ఉండదు. బీమా సంస్థలు, యజమానులు ఇచ్చే మొత్తాలు ఈ సెక్షన్ పరిధిలోకి రావు.

రాష్ట్ర విపత్తు ప్రతిస్పందన నిధి నిబంధనల ప్రకారం 2022-23 నుంచి 2025-26 వరకు మైదాన ప్రాంతాలలో పూర్తిగా దెబ్బతిన్న ఇంటికి రూ.1,20,000, కొండ ప్రాంతాలలో రూ.1,30,000 సహాయం నిర్ణయించారు. కనీసం 15 శాతం దెబ్బతిన్న పక్కా ఇంటికి రూ.6,500, కచ్చా ఇంటికి రూ.4,000, గుడిసెకు రూ.8,000 నిర్ణయమయ్యాయి. పక్కా ఇంటి పైకప్పు మార్చడానికి అయ్యే ఖర్చుతో రూ.6,500ను పోల్చి చూస్తే ప్రభుత్వ సహాయం తక్షణ ఊరటకే గాని నష్టభర్తీకి కాదన్నది బోధపడుతుంది.

విపత్తు నిధులకు విరాళమిచ్చే వారికి చట్టం ఉదారంగా ఉంది. 1996 నవంబరు కోనసీమ తుపాను దరిమిలా ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి తుపాను సహాయ నిధి, 1996 పేరు సెక్షన్ 80జీలోనే చోటుచేసుకొంది. పాత పన్ను విధానంలో ఉన్న దాతకు తగ్గింపు లభిస్తుంది. తుపానులో ఇల్లు కోల్పోయిన వ్యక్తికి తన నష్టంపై అటువంటి తగ్గింపు లేదు.

బీమా సొమ్ము, ఇంటి అమ్మకం

బీమా ఉన్నవారు కూడా ఒక విషయం గమనించాలి. వానియా సిల్క్ మిల్స్ తీర్పు ప్రభావాన్ని అధిగమించేందుకు 1999 ఆర్థిక చట్టం ద్వారా సెక్షన్ 45(1ఏ) చేర్చారు. తుపాను, వరద, భూకంపం, అగ్నిప్రమాదం, అల్లర్లు వంటి కారణాలతో దెబ్బతిన్న మూలధన ఆస్తికి వచ్చే బీమా సొమ్మును, అది అందిన సంవత్సరపు మూలధన లాభాల లెక్కలోకి తీసుకొంటారు. వ్యక్తిగత వినియోగంలోని ఫర్నిచరు, దుస్తులు, వాహనాలు మూలధన ఆస్తులు కావు గనుక వాటికి ఇది వర్తించదు.

తుపాను తరువాత పెట్టిన ఖర్చులో కొంత భాగం చాలా ఏళ్ల తరువాత అక్కరకు రావచ్చు. రేకుల కప్పు స్థానంలో కాంక్రీటు స్లాబు వేయడం, గదిని కొత్తగా నిర్మించడం వంటి మూలధన స్వభావం గల ఖర్చును, ఇల్లు అమ్మినప్పుడు అభివృద్ధి వ్యయంగా ఆస్తి ఖరీదుకు కలుపుకొని లాభాన్ని తగ్గించుకోవచ్చు. సున్నం వేయించడం, పగిలిన అద్దాలు మార్చడం వంటి సాధారణ మరమ్మతులకు ఈ వీలులేదు. 2024 జులై 23కు ముందు కొన్న ఇల్లు, స్థలాల విషయంలో దేశంలో నివసించే వ్యక్తులకు ఇండెక్సేషన్ లేని 12.5 శాతం, ఇండెక్సేషన్‌తో కూడిన 20 శాతం లెక్కలలో తక్కువ పన్ను పడేదానికి అవకాశం ఇచ్చారు. బిల్లులు భద్రపరచని వారు ఈ ప్రయోజనాన్ని కోల్పోతారు.

అమెరికాలోని తెలుగువారి పరిస్థితి

బీమా లేని ఇంటి నష్టానికి పన్ను తగ్గింపు ఉంటుందన్న అభిప్రాయం కొంతవరకు అమెరికా చట్టం నుంచి వచ్చినది. అక్కడ ఆకస్మిక నష్టాలకు వ్యక్తిగత ఆదాయంలో తగ్గింపు ఉంది. 2017 ఆగస్టులో తెలుగు కుటుంబాలు గణనీయంగా ఉన్న హ్యూస్టన్ నగరాన్ని హార్వీ తుపాను ముంచెత్తినప్పుడు బాధితులకు ఈ నిబంధన ఉపయోగపడింది. 2018 నుంచి ఫెడరల్ ప్రభుత్వం విపత్తుగా ప్రకటించిన ఘటనలకే దీనిని పరిమితం చేశారు. 2025 నాటి చట్టం ఈ పరిమితిని శాశ్వతం చేస్తూ, 2026 నుంచి రాష్ట్రాలు ప్రకటించిన విపత్తులను కూడా చేర్చింది. సాధారణంగా ఒక్కో ఘటనకు మొదటి 100 డాలర్లు, మొత్తం మీద సవరించిన స్థూల ఆదాయంలో 10 శాతం మినహాయించి, బీమా ద్వారా రాని నష్టానికే తగ్గింపు ఇస్తారు.

విశాఖపట్నంలో ఇల్లు ఉండి అమెరికాలో పన్ను చెల్లించే వారికి కూడా ఇక్కడి తుపాను నష్టంపై ఆ తగ్గింపు లభించదు. కారణం, ఇక్కడి విపత్తు అమెరికా ప్రభుత్వ ప్రకటన పరిధిలోనిది కాకపోవడమే.

ముందుజాగ్రత్తే మార్గం

తుపాను తరువాత పన్ను చట్టం ఆదుకోదు గనుక తుపానుకు ముందే బీమా చేయించుకోవడం ఒక్కటే ఆచరణీయ మార్గం. భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ ఆదేశాల మేరకు 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా సంస్థలు ‘భారత్ గృహ రక్ష’ అనే ప్రామాణిక పాలసీని అందిస్తున్నాయి. అగ్నిప్రమాదం, భూకంపం, తుపాను, వరద తదితరాలకు ఇది వర్తిస్తుంది. భవనంతో పాటు ఇంట్లోని సామగ్రికి భవన బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా రూ.10 లక్షల వరకు రక్షణ కలిసి ఉంటుంది. ఆటోనగర్ వంటి చోట్ల ఉన్న యూనిట్ల కోసం, ఆస్తి విలువ రూ.5 కోట్ల వరకు ఉంటే ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’, రూ.5 కోట్లు దాటి రూ.50 కోట్ల వరకు ఉంటే ‘భారత్ లఘు ఉద్యమ్ సురక్ష’ పాలసీలు ఉన్నాయి. వ్యాపార స్థలానికి చెల్లించే ప్రీమియం వ్యాపార వ్యయంగా తగ్గుతుంది. సొంత నివాసానికి చెల్లించే ప్రీమియంకు తగ్గింపు లేదు. గృహ రుణం ఉన్నవారు బ్యాంకు తమ ఇంటికి బీమా చేయించిందా, అది ప్రస్తుతం అమలులో ఉందా అన్నది విచారించుకోవాలి.

భద్రపరచవలసిన పత్రాలు

నష్టం జరిగిన వెంటనే మరమ్మతులకు ముందు కింది ఆధారాలు సేకరించుకోవడం మంచిది.

- తేదీ తెలిసేలా తీసిన ఫొటోలు. వీలైతే అదే భాగానికి చెందిన పాత ఫొటోలు
- రెవెన్యూ సిబ్బంది నష్ట గణనలో ఇంటి పేరు నమోదైనట్లు ఆధారం
- ఇంజినీరు ఇచ్చిన నష్ట అంచనా
- జీఎస్టీ నంబరు గల బిల్లులు, బ్యాంకు ద్వారా జరిపిన చెల్లింపుల వివరాలు
- రుణం మరమ్మతుల నిమిత్తమే తీసుకొన్నట్లు మంజూరు పత్రం, ఏటా వడ్డీ ధ్రువపత్రం
- వ్యాపారులైతే నష్టపోయిన సరుకు జాబితా, స్టాకు రిజిస్టరు నకలు, తుక్కు అమ్మకపు రసీదు
- ప్రభుత్వ సహాయం జమ అయిన బ్యాంకు ఖాతా వివరాలు

నష్ట గణన జరిపే అధికారులు ఇల్లు, అద్దె ఇల్లు, వ్యాపార షెడ్డు అన్న వివరాన్ని విడిగా నమోదు చేస్తే బాధితులకు తదుపరి దశలో ఎంతో మేలు జరుగుతుంది. ఒకే కప్పు కింద ముందు భాగంలో వర్క్‌షాపు, వెనుక భాగంలో నివాసం ఉన్న చోట్ల ఈ విభజన మరీ ముఖ్యం. వర్క్‌షాపు భాగానికి అయిన ఖర్చు వ్యాపార లెక్కలలోకి వస్తుంది, నివాస భాగానికి అయినది రాదు.

తుపాను వార్తలు రాసే పాత్రికేయులు ‘నష్టానికి పన్ను మినహాయింపు’ అని ఏకవాక్యంగా పేర్కొనడం కంటే ప్రభుత్వ పరిహారంపై పన్ను లేకపోవడం, సొంత ఇంటి నష్టానికి తగ్గింపు లేకపోవడం అనే రెండు అంశాలను విడదీసి చెప్పడం పాఠకులకు ఉపయోగకరం. మొదటిది చట్టం ఇచ్చిన హక్కు. రెండవది ఉందని భ్రమపడి బీమా చేయించుకోని కుటుంబం, తదుపరి తుపాను నష్టాన్ని పూర్తిగా తానే భరించవలసి వస్తుంది.